వచ్చేటప్పుడు చూద్దాం

మేడ్చల్ పరిసరాల్లోని ఒక మదరసాలో ఇరవై ఎనిమిది సంవత్సరాలుగా పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ కాలం గడుపుతున్నవారము మేము. ప్రయాణాలు మాకు పెద్దగా అలవాటు లేదు. అయితే ప్రయాణ మర్యాదలను బోధించడం మాత్రం ప్రతి సంవత్సరం చేస్తూనే ఉన్నాము. మిష్కాతుల్ మసాబీహ్‌లో ఆదాబుస్సఫర్ అనే అధ్యాయం ఉంది. వాహనం ఎక్కేటప్పుడు ఏమి పఠించాలి, రాత్రి ఎక్కడ బస చేయాలి, తోటివారితో ఎలా మెలగాలి, ఇవన్నీ ఎన్ని సార్లు వివరించామో లెక్క లేదు. విద్యార్థులు శ్రద్ధగా రాసుకునేవారు. గత సంవత్సరం సెప్టెంబరు మూడవ వారంలో ఒక ఆదివారం నాడు ఆ అధ్యాయంలో మాకు పరీక్ష జరిగింది. ఎన్ని మార్కులు వచ్చాయో పాఠకులే చూడగలరు.

మా అమ్మీకి ఎనభై ఏళ్ళు దగ్గర పడ్డాయి. ఆమెకు కళ్ళలో నీటికాసుల వ్యాధి, అంటే గ్లాకోమా ఉన్నట్లు మూడేళ్ళ క్రితం తెలిసింది. ఈ వ్యాధి చాలా నిశ్శబ్దమైనది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కంటి లోపలి ఒత్తిడి మెల్లమెల్లగా నరాన్ని తినివేస్తూ ఉంటుంది. మొదట పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపిస్తూనే ఉంటుంది కనుక రోగికి గానీ ఇంటివారికి గానీ అనుమానం రాదు. అమ్మీ తలుపు చెక్కకు భుజం తగిలించుకున్నప్పుడు, దస్తర్‌ఖాన్ మీద పక్కనున్న గ్లాసును తన్నినప్పుడు అది వయసు వల్ల కలిగే తడబాటు అనుకున్నాము. డాక్టరుగారు పరీక్షించి, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవడానికి రోజూ చుక్కల మందు వేయాలని చెప్పారు. కుటుంబంలో ఇది ఒకరికి ఉంటే రక్త సంబంధీకులందరూ పరీక్ష చేయించుకోవడం మంచిదని కూడా అన్నారు. మేమూ మా చెల్లెలూ చేయించుకున్నాము. ఈ పత్రిక చదువుతున్న ఇళ్ళలో నలభై దాటినవారు కూడా ఒకసారి చేయించుకుంటే మేలు.

ఇప్పుడు అమ్మీకి లోకం ఒక గొట్టం గుండా చూసినట్లు కనిపిస్తుంది. ఎదురుగా ఉన్నంత మేర కొంత స్పష్టంగా ఉంటుంది, చుట్టూ మసక. ఒక గది ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఆమె తల మెల్లగా తిప్పుతూ, ముక్క తరువాత ముక్క చూసి, వాటిని మనసులో కలుపుకోవాలి. దానికి సమయం పడుతుంది. ఈ విషయం డాక్టరుగారు మాకు వివరించారు, మేము అర్థం చేసుకున్నాము కూడా. అర్థమైనది ఆ ఆదివారం ఎక్కడికి పోయిందో తెలియదు.

మా కుమారుడు దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మూడు వారాల సెలవు మీద వచ్చాడు. ఆ మూడు వారాలలో బంధువుల ఇళ్ళు, ఒక నికాహ్, ఇంటి మరమ్మతులు అన్నీ పోగా చివరకు ఒక్క ఆదివారం మిగిలింది. మంగళవారం తిరుగు ప్రయాణం. వాడికి తన దాదీ అంటే ప్రాణం. "దాదీ, ఏమి చూడాలని ఉంది? ఎక్కడికైనా సరే తీసుకెళ్తాను" అని అడిగాడు.

అమ్మీ కొంచెం ఆలోచించి, "నీళ్ళు చూడాలని ఉంది బేటా" అన్నారు.

అంతే. వాడు ఫోను తీసి కూర్చున్నాడు. రామప్ప చెరువు, లక్నవరం, పాకాల, వరంగల్ భద్రకాళి చెరువు, ఇంకా సమయం ఉంటే మరొకటి అంటూ జాబితా తయారైంది. రానూ పోనూ దాదాపు ఐదు వందల కిలోమీటర్లు. వానాకాలం చివర గనుక చెరువులన్నీ నిండి ఉంటాయని, గుట్టలు పచ్చగా ఉంటాయని, కాకతీయుల కాలం నాటి జలాశయాలన్నీ ఒకే రోజులో దాదీకి చూపిస్తానని వాడి ఉత్సాహం. మాకు కూడా ఆ జాబితా ముచ్చటగానే తోచింది. చూపు ఉండగానే చూపించాలి అన్న తొందర మాలో ఉంది. ఆ తొందరలో ప్రేమ లేదని ఎవరూ అనలేరు. అయితే "ఏ నీళ్ళు అమ్మీ?" అని మాలో ఒక్కరు కూడా అడగలేదు.

ఫజర్ నమాజు చేసుకుని బయలుదేరాము. ఏడు సీట్ల అద్దె కారు, నడిపేది మా కుమారుడే. అమ్మీ, మేము, మా ఇంటివారు, కోడలు, ఇద్దరు పిల్లలు. శామీర్‌పేటలో మా చెల్లెలు ఎక్కాలి. శామీర్‌పేట అమ్మీ పుట్టిల్లు. మా మేనమామ కుమారునికే చెల్లెలిని ఇచ్చాము గనుక ఆ ఇంటితో రాకపోకలు ఎన్నడూ తెగలేదు. చెల్లెలిని ఎక్కించుకుని, ఔటర్ రింగు రోడ్డు వైపు తిరగబోతుండగా అమ్మీ కిటికీ అద్దం దించమన్నారు.

"నీళ్ళ వాసన వస్తోంది. చెరువు నిండినట్టుంది. కాస్త ఆపండి, కట్ట మీద రెండు నిమిషాలు నిలబడి వస్తాను."

కుమారుడు మా వైపు చూశాడు. అప్పటికే అనుకున్న దానికంటే నలభై నిమిషాలు ఆలస్యమైంది. మేమే చెప్పాము: "వచ్చేటప్పుడు చూద్దాం అమ్మీ. ఇది మన ఊరి చెరువే కదా, ఎక్కడికి పోతుంది?"

"చెరువు ఎక్కడికీ పోదులే" అన్నారు అమ్మీ. అద్దం పైకి లేపించుకున్నారు.

ఘట్‌కేసర్ దాటి వరంగల్ జాతీయ రహదారి ఎక్కిన తరువాత కారు నూట పది మీద పోతోంది. భువనగిరి కోట ఉన్న ఏకశిల ఆ వెలుగులో మహా గంభీరంగా కనిపించింది. "దాదీ, కుడివైపు... కాదు, వెనక్కి వెళ్ళిపోయింది" అన్నాడు మనవడు. ఆ రోజంతా ఆమెకు దక్కిన దర్శనం దాదాపు ఇదే తీరు. ఎవరో ఒకరు చెయ్యి చూపుతారు. ఆమె మెల్లగా తల తిప్పి తన చిన్న చూపును అటు తీసుకువెళ్ళేలోగా అక్కడ పత్తి చేను ఉంటుంది, లేదా పెట్రోలు బంకు ఉంటుంది. పిల్లలకు కడుపులో తిప్పింది. మా ఇంటివారు తెల్లవారుజామున లేచి వండిన ఖిచిడీ, ఖీమా కదిలే కారులోనే ప్లాస్టిక్ ప్లేట్లలో పంచారు. అమ్మీ ఒడిలో సగం ఒలికింది.

ఒక ప్రయాణంలో అన్జషా అనే సహాబీ ఒంటెలను పాటతో అదిలిస్తూ వేగంగా నడిపిస్తుంటే, వాటిపై స్త్రీలు ఉన్నారు గనుక మెల్లగా నడపమని, వారిని గాజు పాత్రలతో పోల్చి మహాప్రవక్త (స) హెచ్చరించిన సంఘటన హదీసు గ్రంథాలలో ప్రసిద్ధం. ఆ హదీసు మాకు సనదుతో సహా కంఠస్థం. ముందు సీటులో కూర్చుని దానిని తలచుకోనైనా లేదు. ఒకసారి మాత్రం "బేటా, కొంచెం..." అన్నాము. "అబ్బాజాన్, ఇలా వెళ్తేనే నాలుగూ అవుతాయి" అన్నాడు. ఊరుకున్నాము.

హనుమకొండ దగ్గరికి వచ్చేసరికే భద్రకాళి చెరువును జాబితా నుండి కొట్టివేశాము. ములుగు దాటి పాలంపేట చేరేటప్పటికి పదకొండు. అక్కడి రామప్ప దేవాలయం 1213వ సంవత్సరం నాటిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పటి నుండి రద్దీ బాగా పెరిగింది. మేము నేరుగా చెరువు కట్ట మీదికి వెళ్ళాము. గుట్టల నడుమ ఎంత నీరు! ఎనిమిది వందల ఏళ్ళుగా ఆ నీరు పొలాలను తడుపుతోంది. యంత్రాలు లేని కాలంలో, నేల వాలును కంటితో కొలిచి, మట్టిని తట్టలతో మోసి, ఇంత కట్ట పోసిన మనుషుల ఓపిక గురించి మేము కోడలికి చెప్పడం ప్రారంభించాము. చెబుతుండగానే కుమారుడు కారు హారన్ కొట్టాడు. పదిహేను నిమిషాలు అయిపోయాయి. అమ్మీ కారు దిగి, చెప్పులు సరిచేసుకుని, చెల్లెలి చెయ్యి పట్టుకుని కట్ట ఎక్కడానికే పది నిమిషాలు పట్టింది. అంటే నీటిని చూసింది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలలో మూడు ఫోటోల కోసం నీటికి వీపు పెట్టి నిలబడ్డారు.

లక్నవరంలో జొహర్ నమాజు చేసుకున్నాము. ఇల్లు వదిలి నలభై ఎనిమిది మైళ్ళకు, అంటే సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణం గనుక ఖస్ర్ చేసి రెండు రకాతులే. లక్నవరం అందం మాటలకు అందేది కాదు. కాకతీయ ప్రభువులు గుట్టల మధ్య సందులను కట్టలతో మూసి లోయను చెరువుగా మార్చారు. నీటిలో పదమూడు దీవులు ఉన్నాయట, మేము లెక్కపెట్టలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని గాషియా సూరాలో ఒంటె ఎలా సృష్టించబడిందో, ఆకాశం ఎలా ఎత్తబడిందో, పర్వతాలు ఎలా నాటబడ్డాయో, భూమి ఎలా పరచబడిందో చూడరా అని అల్లాహ్ మనిషిని ప్రశ్నిస్తాడు. ఆ ఆయతులను మేము ఎన్నో జుమా ప్రసంగాలలో ఉదహరించాము. ఇక్కడ ఆ నాలుగింటిలో మూడు కళ్ళెదుట ఉండగా మా దృష్టి చేతి గడియారం మీద ఉంది. వేలాడే వంతెన దగ్గర జనం కిక్కిరిసి ఉండటంతో అమ్మీ వంతెన ఎక్కలేకపోయారు. ఈవలి ఒడ్డున ఒక రాతి మీద కూర్చోబెట్టి, పిల్లలను తీసుకుని మేమందరం అటు వెళ్ళి వచ్చాము. ఆమె కోసం చేసిన ప్రయాణంలో ఆమెను ఒడ్డున కూర్చోబెట్టి వెళ్ళిన సంగతి అప్పుడు మాకు వింతగా అనిపించకపోవడమే ఇప్పుడు వింతగా అనిపిస్తోంది.

ఇక పాకాల విషయం చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాము.

లక్నవరం నుండి ములుగు, మల్లంపల్లి మీదుగా నర్సంపేట చేరేసరికి ఐదున్నర. అసర్ సమయం ప్రవేశించి గంట దాటింది. బజారు మధ్య ఒక మస్జిదు మినారు కనిపించింది. కుమారుడు వేగం తగ్గించి, "అబ్బాజాన్, ఇక్కడ ఆగుదామా?" అని అడిగాడు కూడా. వద్దన్నది మేమే. పాకాల అక్కడికి దగ్గరే. గణపతిదేవుని కాలం నాటి ఆ మహా సరస్సు కట్ట మీద, అడవి నడుమ, వాలే పొద్దులో కుటుంబమంతా వరుసగా నిలబడి అసర్ చేసుకుంటే ఎంత బాగుంటుంది అని మనసులో ఒక చిత్రం గీసుకున్నాము. సత్యం దాచడం దేనికి? ఆ చిత్రంలో మేము ముందు నిలబడి ఇమామత్ చేస్తున్నాము, కోడలు ఫోటో తీస్తోంది, ఆ ఫోటో బంధువుల గ్రూపులో కనిపిస్తోంది.

"సమయం చాలా ఉంది. అక్కడే చేద్దాం" అన్నాము.

వెనుక నుండి అమ్మీ అడిగారు: "అసర్‌కు టైము ఉందా బేటా? మబ్బు పట్టిందా, పొద్దు పోయిందా, నాకు తెలియడం లేదు."

"ఉంది అమ్మీ. సూర్యాస్తమయం ఆరు పదిహేనుకు. ఇంకా చాలా ఉంది."

మా మదరసా గోడ మీద నమాజు వేళల పట్టిక ఉంటుంది. దానిని ఏటా సరిచూసేది మేమే గనుక ఆ అంకె మాకు నోటికి వచ్చు. మా లెక్కలో తప్పు లేదు. ఆ రోజు మేడ్చల్‌లో సూర్యాస్తమయం ఆరు గంటల పదిహేను నిమిషాలకే.

నర్సంపేట దాటగానే వాన పట్టుకుంది. రోడ్డుకు అడ్డంగా గేదెల మంద. కారు నడక వేగానికి వచ్చింది. పాకాల కట్ట దగ్గర ఆగేసరికి ఆరు దాటింది. వాన వెలిసింది గానీ పడమర అంతా మబ్బు. మేము తొందరగా వుజూ చేసుకున్నాము. అమ్మీకి సీసా నీళ్ళతో మా ఇంటివారు వుజూ చేయిస్తున్నారు. ఆమె వుజూ ఎప్పుడూ నిదానంగానే ఉంటుంది, ప్రతి వేలి సందు తడుపుతారు. చాప పరిచి గడియారం చూస్తే ఆరు గంటల పదకొండు. ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయి. అంతలో మేకలను తోలుకుపోతున్న ఒక పిల్లవాడు మమ్మల్ని చూసి, "పొద్దు గూకింది సారూ, ఇక్కడ చీకట్ల ఉండొద్దు" అన్నాడు. కోడలికి అనుమానం వచ్చి ఫోనులో ఆ స్థలం పేరుతో వేళ చూసింది. పాకాలలో సూర్యాస్తమయం ఆరు గంటల తొమ్మిది నిమిషాలు.

తూర్పుకు పోయేకొద్దీ సూర్యుడు ముందుగా అస్తమిస్తాడు. ఒక రేఖాంశానికి నాలుగు నిమిషాలు తేడా. మేడ్చల్‌కూ పాకాలకూ మధ్య ఒకటిన్నర రేఖాంశం, అంటే ఆరు నిమిషాలు. ఇది మేము మా విద్యార్థులకు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పే పాఠం.

అసర్ నమాజు తప్పిపోయినవాడు తన ఇంటివారినీ సంపదనూ పోగొట్టుకున్నవాని వంటివాడని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆ హదీసు చెప్పేటప్పుడు తరగతిలో మా గొంతు సహజంగానే గంభీరమవుతుంది. ఆ సాయంత్రం గొంతు లేవలేదు. ప్రయాణంలో తప్పిన నమాజు గనుక ఖజా కూడా రెండు రకాతులే. ముందు అసర్ ఖజా, ఆ తరువాత మగ్రిబ్ చేయించాము. ఎవరూ ఫోటో తీయలేదు. అమ్మీ కారు తలుపు తీసి, సీటు అంచున పడమరకు తిరిగి కూర్చుని చేసుకున్నారు. సలాం చెప్పిన తరువాత అడిగారు:

"అది ఖజానా?"

"అవును అమ్మీ."

"నీవు టైము ఉందన్నావు కదా."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆమెకు పొద్దు కనిపించదు, గడియారం ముళ్ళు కనిపించవు. మా కళ్ళను తన కళ్ళుగా చేసుకుని కూర్చున్నారు. మేము కారు వెనుకకు వెళ్ళి కాసేపు నిలబడ్డాము. ఎదుట పాకాల సరస్సు చీకటిలో కలిసిపోతోంది. దానిని చూశామని చెప్పడానికి లేదు.

తిరుగు ప్రయాణంలో పిల్లలు నిద్రపోయారు. ఎవరి ఆలోచనలో వారు ఉన్నారు. రాత్రి పదకొండున్నరకు శామీర్‌పేటలో చెల్లెలిని దించాము. చెరువు వైపు అంతా చీకటి. "వచ్చేటప్పుడు చూద్దాం" అన్న మాట మాకు గుర్తుంది. అమ్మీకి కూడా గుర్తుండే ఉంటుంది. కళ్ళు మూసుకుని కూర్చున్నారు, నిద్రపోతున్నారో లేదో తెలియదు. కారు ఆగకుండా మేడ్చల్ వైపు మళ్ళింది.

మంగళవారం విమానాశ్రయానికి బయలుదేరేముందు కుమారుడు దాదీ పాదాల దగ్గర కూర్చుని, "మీ కోరిక తీరిందా దాదీ?" అని అడిగాడు. "తీరింది బేటా. అల్లాహ్ నిన్ను చల్లగా ఉంచుగాక" అని వాడి తల నిమిరారు. వాడు సంతోషంగా వెళ్ళాడు. వాడి ఫోనులో నాలుగు వందలకు పైగా ఫోటోలు ఉన్నాయి.

రాత్రిపూట అమ్మీకి చుక్కల మందు వేయడం మా పని. రెండు రకాల మందులు. ఒకటి వేసిన తరువాత కనీసం ఐదు నిమిషాలు ఆగి రెండవది వేయాలి, లేకపోతే మొదటిది కొట్టుకుపోతుంది. ఆ ఐదు నిమిషాలు ఆమె కళ్ళు మూసుకుని పడుకుంటారు, మేము మంచం పక్కన కుర్చీలో కూర్చుంటాము. మా దినచర్యలో తొందరపడటానికి వీలు లేని ఐదు నిమిషాలు బహుశా అవే. కుమారుడు వెళ్ళిన నాలుగైదు రోజులకు, అలా కూర్చున్నప్పుడు మేము అడిగాము: "అమ్మీ, ఆ రోజు చూసిన చెరువుల్లో ఏది బాగుంది?"

ఆమె జవాబు చెప్పలేదు. కొంతసేపటికి, "శామీర్‌పేట చెరువులో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో" అన్నారు. తరువాత తనలో తాను మాట్లాడుకుంటున్నట్లు చెప్పుకుపోయారు. కట్ట కింద తన తండ్రికి ఉన్న చిన్న మడి. మత్తడి దూకిన సంవత్సరం పిల్లలందరూ ఓఢనీలు వలలుగా పట్టి చేపల కోసం పరుగెత్తడం. పెళ్ళయి మేడ్చల్ వస్తున్నప్పుడు ఎడ్లబండి కట్ట పక్కగా పోతుంటే పరదా సందులో నుండి చివరిసారి చూసిన నీళ్ళు. తరువాత ఎన్నో సార్లు పుట్టింటికి వెళ్ళారు గానీ పిల్లలు, పనులు, పండుగలు. కట్ట మీదికి వెళ్ళి నిలబడటం కుదరనే లేదట. అక్కడ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది, జీనోమ్ వ్యాలీ కంపెనీలు వచ్చాయి, రింగు రోడ్డు వచ్చింది. అవన్నీ ఆమె చూశారు. చెరువును చూడలేదు.

నీళ్ళు చూడాలని ఉంది అన్నప్పుడు ఆమె మనసులో ఉన్న నీళ్ళు ఏవో అప్పుడు తెలిసింది. రెండవ మందు వేయడం మరచిపోయి పావుగంట అలాగే కూర్చున్నాము.

తరువాతి శుక్రవారం. మదరసాకు సెలవు. అలవాటు ప్రకారం కహఫ్ సూరా పఠిస్తున్నాము. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన యువ సహచరునితో రెండు సముద్రాలు కలిసే చోటును వెదుకుతూ బయలుదేరిన వృత్తాంతం దానిలో ఉంది. వారు ఆ చోటికి చేరారు. చేప అక్కడే నీటిలోకి జారిపోయింది. కానీ వారు గమనించక ముందుకు సాగిపోయారు. అలసట కలిగి, భోజనం తెమ్మని అడిగినప్పుడు గానీ సహచరునికి ఆ బండ దగ్గరి చేప సంగతి గుర్తుకు రాలేదు. మనం వెదుకుతున్నది ఆ చోటే అన్నారు మూసా (అ). తమ అడుగుజాడలను పట్టుకుని ఇద్దరూ వెనక్కి నడిచారు. చేరవలసిన చోటు దాటిపోయేవరకు ఆయనకు అలసట తెలియలేదని సహీహ్ బుఖారీలో వివరణ ఉంది. ఈ వృత్తాంతాన్ని మేము ఎన్ని వందల శుక్రవారాలు పఠించామో! ప్రతిసారీ మా ధ్యాస అంతా ముందు రాబోయే ఖిజ్ర్ (అ) గారి సంఘటనల మీదనే ఉండేది. పడవ, బాలుడు, గోడ. వెనక్కి నడిచిన ఆ దారి మీద ఎన్నడూ ఆగలేదు.

ప్రయాణం యాతనలో ఒక భాగమని, పని ముగియగానే ఇంటికి త్వరపడాలని కూడా హదీసు ఉంది కదా, తొందరలో తప్పేముంది అని ఒక విద్యార్థి తరువాత మమ్మల్ని అడిగాడు. నిజమే. పని ముగిసిన తరువాత త్వరపడాలి. అదే అధ్యాయంలో ఉన్న మరొక ఉపదేశాన్ని అతనికి గుర్తు చేశాము. కరువు నేల మీదుగా పోతున్నప్పుడు వేగంగా దాటిపొమ్మని, పచ్చని నేల మీదుగా పోతున్నప్పుడు మాత్రం ఒంటెలకు ఆ నేల నుండి అందవలసిన వాటాను అందనివ్వమని మహాప్రవక్త (స) ఆదేశించారు. కారుకు మేత అక్కర లేదు. లోపల కూర్చున్నవారికి ఆ పచ్చదనంలో వాటా ఉందన్నది మేము మరిచాము.

ఇక ఆ శుక్రవారం మాట. ఫజర్‌కు ముందే నిర్ణయించుకుని మాకు తెలిసిన ఆటో అతన్ని పిలిచాము. వయసులో ఉన్న కుర్రవాడు. "తమ్ముడూ, ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు, గుంతలు చూసి పోనివ్వు" అన్నాము. అతను నవ్వి, "మౌలానా సాబ్, ఈ మాట ఇంతవరకు ఎవ్వరూ చెప్పలే" అన్నాడు. అమ్మీకి ఎక్కడికో చెప్పలేదు. శామీర్‌పేట దగ్గరపడుతుండగా ఆమె తల ఎత్తి గాలిని ఆఘ్రాణించి మా చెయ్యి పట్టుకున్నారు.

చెల్లెలు తమ ఇంటి నుండి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి కట్ట మీద వేయించింది. కట్ట మీద పరిస్థితి అంత గొప్పగా ఏమీ లేదని చెప్పాలి. చిప్స్ పొట్లాలు, పగిలిన సీసాలు, ఎవరో పుట్టినరోజు చేసుకుని వదిలివెళ్ళిన కేకు డబ్బా. దూరాన ఫార్మ్‌హౌస్‌ల గోడలు. విహారానికి వచ్చేవారిలో మనవారు కూడా ఉంటారు. శుభ్రత విశ్వాసంలో సగమని నేర్చినవారు వదలవలసిన గుర్తులు ఇవి కావు. చెల్లెలి కుమారుడు, ఆటో అతను కలిసి కుర్చీ చుట్టూ ఉన్నవాటిని ఒక సంచిలోకి ఎత్తారు.

అయితే నీరు మాత్రం నిండుగా ఉంది. అవతలి ఒడ్డున ఒకదాని మీద ఒకటి పేర్చినట్లున్న గుండ్లు, వాటి వెనుక గుట్టలు. పాకాల అడవులు, లక్నవరం దీవులు చూసి వచ్చిన కంటికి ఇది చిన్నదే. మేము ముప్పై ఏళ్ళుగా దీని పక్కగా బస్సులో, స్కూటరు మీద ఎన్ని వేల సార్లు పోయి ఉంటాము! ఎడమవైపు ఒక ఎండిన తుమ్మకొమ్మ మీద నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటాయని, కొంగ ఒంటికాలి మీద అంతసేపు కదలకుండా నిలబడగలదని మాకు అప్పుడే తెలిసింది.

అమ్మీ కుడివైపు కొస నుండి మొదలుపెట్టారు. తల కొద్దికొద్దిగా తిప్పుతూ, ఆగుతూ, మళ్ళీ తిప్పుతూ. తూము ఎక్కడుందో అడిగారు, చెల్లెలు చూపించింది. తన తండ్రి మడి ఉన్న చోట ఇప్పుడు ఏముందని అడిగారు. గోడ ఉందని చెప్పాము. "ఊఁ" అన్నారు. ఎడమ కొసకు చేరేసరికి దాదాపు అరగంట పట్టింది. అప్పుడు మళ్ళీ మొదటికి వచ్చి తల అటు నుండి ఇటు తిప్పడం ప్రారంభించారు. మేము మధ్యలో ఏదో వివరించబోతే మా ఇంటివారు మోకాలి మీద చేత్తో నొక్కారు.

గుండ్ల వెనుక నుండి వెలుగు నీటి మీదికి పాకింది. అమ్మీ తస్బీహ్ తిప్పుతూ, కళ్ళు నీటి మీదనే ఉంచి అడిగారు:

"ఇష్రాఖ్‌కు టైము అయిందా బేటా?"

ఈసారి గడియారం చూడలేదు. లేచి తూర్పుకు తిరిగి సూర్యుణ్ణి చూశాము. గుండ్ల అంచుకు ఇంకా ఆనుకునే ఉన్నాడు.

"ఇంకొంచెం ఆగాలి అమ్మీ."

"ఆగుదాం" అన్నారు.